గ్రెటె వైట్జ్‌కు ఒలింపిక్ స్వర్ణం ఎందుకు దక్కలేదు?

ప్రశ్న:
నార్వేకు చెందిన గ్రెటె వైట్జ్ న్యూయార్క్ మారథాన్‌ను తొమ్మిదిసార్లు, ప్రపంచ క్రాస్ కంట్రీ (మైదానాలు, గుట్టల మీదుగా సాగే పరుగు) టైటిల్‌ను అయిదుసార్లు గెలిచారు. ఒలింపిక్స్‌కు వచ్చేసరికి మాత్రం ఆమె పేరిట 1984 నాటి ఒక్క రజతమే కనిపిస్తుంది. పెద్ద వేదిక మీద ఆమె తడబడ్డారని అనుకోవాలా, లేక నాకు తెలియని కారణం ఏదైనా ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
తడబాటు అనడం అన్యాయమండి. ఆమె వయసునూ, ఆనాటి ఒలింపిక్ పోటీల జాబితానూ పక్కపక్కన పెట్టి చూడండి. 1972 మ్యూనిక్ నాటికి ఆమెకు 18 ఏళ్లు, 1976 మాంట్రియల్ నాటికి 22. ఆ రెండుచోట్లా మహిళలు పరుగెత్తగలిగిన అత్యధిక దూరం 1500 మీటర్లు. 1975లో 3000 మీటర్ల ప్రపంచ రికార్డు సాధించి, మరుసటి ఏడాది దానిని తానే 8 నిమిషాల 45.4 సెకన్లకు తగ్గించిన మనిషి, తనకు సరిపడే దూరం లేక 1500 మీటర్లలో దిగి మాంట్రియల్ సెమీఫైనల్‌లోనే నిష్క్రమించారు. 1980 మాస్కో పోటీలను నార్వే బహిష్కరించింది. వెళ్లి ఉన్నా అక్కడ ఉన్నది మళ్లీ 1500 మీటర్లే. మహిళల మారథాన్ 1984లో ఒలింపిక్స్‌కు వచ్చేసరికి ఆమెకు 31వ ఏడు నడుస్తోంది.

జవాబు 2:
అసలు ఆమె మారథాన్‌లోకి రావడమే అనుకోకుండా జరిగింది. ఓస్లోలో బడిపంతులమ్మగా పనిచేస్తూ, తెల్లవారుజామునే పరుగు సాధన ముగించుకుని పాఠశాలకు వెళ్లే ఆమె, 1978లో ట్రాక్‌కు స్వస్తి చెప్పే ఆలోచనలో ఉన్నారు. న్యూయార్క్ చూసినట్లూ ఉంటుందని భర్త జాక్ ఒప్పించడంతో అక్కడి మారథాన్‌కు బయలుదేరారు. అప్పటివరకు సాధనలో 20 కిలోమీటర్లకు మించి పరుగెత్తిన అలవాటు లేని మనిషి, 42 కిలోమీటర్లను 2 గంటల 32 నిమిషాల 30 సెకన్లలో ముగించి, అప్పటి ప్రపంచ అత్యుత్తమ సమయాన్ని రెండు నిమిషాలకు పైగా తగ్గించారు. చివరి కిలోమీటర్లు ఎంత నరకం చూపించాయంటే, గెలిచిన వెంటనే బూట్లు విప్పి భర్త మీదికి విసిరి, ఇక ఈ జోలికి రానన్నారట. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి 2:27:33తో గెలిచారు. రెండున్నర గంటలలోపు మారథాన్ పూర్తిచేసిన తొలి మహిళ ఆమే.

జవాబు 3:
మొదటి జవాబులోని కారణం 1980 వరకు సరిపోతుంది కాని, 1984కు సరిపోదు. అక్కడ ఆమెను ఓడించింది అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్. ఆ ఘనతను తక్కువ చేయకూడదు. 1983 ఏప్రిల్‌లో వైట్జ్ లండన్‌లో 2:25:29తో ప్రపంచ అత్యుత్తమ సమయాన్ని అందుకుంటే, మర్నాడే బోస్టన్‌లో బెనాయిట్ 2:22:43కు పరుగెత్తారు. అదే ఏడాది ఆగస్టులో హెల్సింకీలో జరిగిన తొలి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వైట్జ్ మూడు నిమిషాల తేడాతో స్వర్ణం గెలిచారు, అయితే అక్కడ బెనాయిట్ లేరు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బెనాయిట్ అయిదో కిలోమీటరు ప్రాంతంలోనే గుంపును వదిలి ముందుకు సాగిపోయారు. ఆ ఎండలో అంత తొందరపడిన మనిషి చివర్లో నీరసించక తప్పదన్న లెక్కతో కాబోలు, వెనకవాళ్లెవరూ వెంటపడలేదు. ఆ లెక్క తప్పింది. తేడా 86 సెకన్లు. నా దృష్టిలో అది వైట్జ్ చేసిన పొరపాటు కంటే, బెనాయిట్ చూపిన తెగువ.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మరి 1988లో సియోల్ సంగతి?

జవాబు 3 రాసినవారు:
మోకాలి శస్త్రచికిత్స తరువాత అక్కడికి వెళ్లారు, పరుగు మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. అప్పటికి ఆమెకు 35 నిండవస్తున్నాయి. మీరు ప్రస్తావించిన తొమ్మిదో న్యూయార్క్ విజయం ఆ తరువాతదే, అదే సంవత్సరం నవంబరులో.