డౌన్ సిండ్రోమ్ అన్నారు, కానీ రిపోర్టులో క్రోమోజోములు 46 అని ఉంది. దీని గురించి తెలిసినవాళ్ళు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా అక్క కొడుక్కి ఎనిమిది నెలలు. మెడ ఇంకా గట్టిగా నిలపడం లేదని కేరియోటైప్ పరీక్ష (రక్తంలోని కణాల్లో క్రోమోజోములు లెక్కపెట్టి చూసేది) చేయించాం. మామూలుగా 46 క్రోమోజోములు, డౌన్ సిండ్రోమ్ అంటే 21వది ఒకటి ఎక్కువై 47 ఉంటాయని చదువుకున్నాం కదా, 1959లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త లెజున్ బృందం చూపించిందీ అదే. మరి బాబు రిపోర్టులో 46 ఏంటి?

డిగ్రీలో నాకు జువాలజీ చెప్పిన మేడమ్ పరిశోధన ఈ క్రోమోజోముల మీదే. రిపోర్టు ఫొటో పంపాను. అదనపు 21వ క్రోమోజోము విడిగా లేదు, 14వ దానికి అతుక్కుని ఉంది, అందుకే లెక్క 46 వచ్చిందన్నారు. మళ్ళీ చూస్తే నిజమే, 14వ జతలో ఒకటి తలమీద బరువు పెట్టినట్టు పొడుగ్గా ఉంది. దీన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారట. కొన్నిసార్లు తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, చాలాసార్లు కొత్తగానే ఏర్పడుతుంది. తల్లిలో ఉంటే తర్వాతి బిడ్డకు 10-15 శాతం ప్రమాదం, తండ్రిలో ఉంటే బాగా తక్కువ.

ఇంట్లో మాత్రం అప్పుడే "మీ వైపు నుంచే వచ్చింది" అనడం మొదలైంది. అక్క రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు, బాబు పాదాలు పట్టుకుని అలా కూర్చుంటోంది.

అక్కకీ బావకీ రక్తపరీక్ష చేయించాలి. మాది నరసరావుపేట. హైదరాబాద్ నిమ్స్ మెడికల్ జెనెటిక్స్‌లో చూపించుకున్నవాళ్ళు ఉంటే ఓపీకి ఎలా వెళ్ళాలో, రిపోర్టుకు ఎన్నాళ్ళు పడుతుందో చెప్పండి. అక్కలో ఇది ఉందని తేలితే నేనూ చేయించుకోవాలా? నాకు ఈమధ్యే పెళ్ళి కుదిరింది, చాలా టెన్షన్‌గా ఉంది.