దక్షిణాఫ్రికా క్రికెట్‌లో "కోటా" మాట వస్తే ఏం తెలిసుండాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. పోయిన నెలే హైదరాబాద్ నుంచి జొహానెస్‌బర్గ్ వచ్చాం. ఆఫీసులో క్రికెట్ మాటెత్తితే చివరికి "కోటా" దగ్గరే తేలుతుంది. మన రిజర్వేషన్ లాంటిదేనా?

జవాబు: మన రిజర్వేషన్‌తో పోల్చకండి, అక్కడే లెక్క తప్పుతుంది. 2016 సెప్టెంబర్‌లో జాతీయ జట్టుకు బోర్డు పెట్టిన టార్గెట్ ఇదండీ: పదకొండు మందిలో సగటున కనీసం 6గురు శ్వేతేతరులు, వాళ్లలో కనీసం ఇద్దరు నల్లజాతి ఆఫ్రికన్లు. సగటు తీసేది మ్యాచ్‌కి కాదు, మూడు ఫార్మాట్లూ కలిపి సీజన్ మొత్తానికి. 10 మ్యాచ్‌లనుకోండి. 110 స్థానాల్లో 60 శ్వేతేతరులవి, అందులో 20 ఆఫ్రికన్లవి కావాలి. మొదటి 6 మ్యాచ్‌ల్లో ఆఫ్రికన్ ఆటగాడు ఒక్కొక్కడే ఆడితే, మిగతా 4 మ్యాచ్‌ల్లో 14 స్థానాలు పూడ్చాలి. అంటే మ్యాచ్‌కి ముగ్గురో నలుగురో. నల్లజాతి ఆఫ్రికన్ పేసర్లు రబాడ, ఎన్‌గిడి ఒకేసారి గాయపడితే సెలక్టర్ల మీద ఎంత ఒత్తిడో మీరే చూడండి.

"2015 ప్రపంచకప్ సెమీస్ కోటా వల్లే పోయింది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆక్లండ్‌లో శ్వేతజాతి పేసర్ అబాట్‌ని పక్కనపెట్టి శ్వేతేతరుడైన ఫిలాండర్‌ని ఆడించారు, 8 ఓవర్లలో 52 పరుగులిచ్చాడు, వికెట్ పడలేదు. అంతవరకూ నిజమే. కానీ పైన చెప్పిన టార్గెట్ అప్పటికింకా రాలేదు.

డర్బన్ నుంచి: ఇక్కడ "బ్లాక్" అన్న మాటకి రెండు అర్థాలున్నాయి, జాగ్రత్త. నల్లజాతి ఆర్థిక సాధికారత చట్టంలో ఆఫ్రికన్లు, కలర్డ్ (మిశ్రమ జాతివాళ్లు), ఇండియన్లు అందరూ బ్లాకే. క్రికెట్ టార్గెట్‌లో ఆ ఇద్దరు మాత్రం ఆఫ్రికన్లే కావాలి. అందుకే ఆమ్లా, మహరాజ్, ముత్తుసామి లాంటి భారత సంతతి ఆటగాళ్లు ఆ 6గురి లెక్కలోకి వస్తారు, ఆ ఇద్దరి లెక్కలోకి రారు. 2024 టీ20 ప్రపంచకప్ 15 మందిలో నల్లజాతి ఆఫ్రికన్ రబాడ ఒక్కడే. గొడవ అందుకే. "కలర్డ్" ఇక్కడ తిట్టు కాదు, జనాభా లెక్కల్లో ఉన్న వర్గం. చట్టం చెప్పే ఇండియన్లంటే 1860 తర్వాత నేటాల్ చెరుకు తోటలకు వచ్చిన మన తెలుగువాళ్ల వారసుల్లాంటివాళ్లు. వర్క్ వీసా మీద వచ్చిన మనం అందులో లేం.

ఇంకో జవాబు: ఏ ఆటగాడినీ "కోటా ప్లేయర్" అనకండి. బ్యాటర్ బవుమా మీద ఏళ్ల తరబడి ఆ ముద్ర వేశారు. దక్షిణాఫ్రికా తరఫున టెస్టు సెంచరీ కొట్టిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ అతనే, 2016 జనవరి, కేప్‌టౌన్‌లోని న్యూలాండ్స్, 102 నాటౌట్. 2025 జూన్‌లో లార్డ్స్‌లో ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్లో తొడ కండరం పట్టేసినా కుంటుకుంటూ సింగిల్స్ తీసి 66 చేశాడు, మార్క్‌రమ్‌తో 147 జోడించాడు.

అసలు చిక్కు స్కూళ్ల దగ్గరుంది. రబాడ సెయింట్ స్టిథియన్స్‌లో, ఎన్‌గిడి స్కాలర్‌షిప్ మీద హిల్టన్‌లో చదివారు. రెండూ ఖరీదైన బడులే. టర్ఫ్ పిచ్, నెట్స్, జీతమిచ్చే కోచ్ అలాంటిచోటే దొరుకుతాయి, టౌన్‌షిప్ (నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే శివారు బస్తీ) బడుల్లో అరుదు. పై జట్టుకి లెక్క పెట్టినా, వెతుకులాట ఆ కొద్ది బడుల చుట్టూనే తిరుగుతుంది. ఈసారి ఆఫీసులో మాటొస్తే ఫలానా కుర్రాడు ఏ స్కూల్ నుంచి వచ్చాడని అడగండి, వాళ్లే బోలెడు చెబుతారు.