పాతర వేస్తే దాచినట్టా, పోయినట్టా?

పేపర్లో ఎప్పుడూ కనిపించే శీర్షిక 'నిబంధనలకు పాతర'. మా పెద్దవాళ్లేమో జొన్నలు పాతర వేసి కరువులో తిన్నామంటారు. దాచుకునే చోటి పేరు నాశనానికి ఎలా అంటుకుంది? పైగా పశువుల డాక్టరు గారు 'పాతర గడ్డి' వేయమంటున్నారు. అదేంటండీ మళ్లీ?

• మూలం 'పాతు' కదండీ. గుంజనైనా శవాన్నైనా పాతుతాం. మందుపాతర కూడా అలాంటిదే. కాకపోతే రైతు పాతర వేసేది మళ్లీ తీసుకోవడానికి. నీరు ఊరని గట్టి నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన గడ్డి, మన్ను కప్పి మెత్తేవారు. లోపలి గాలిలో ప్రాణవాయువు అయిపోయి పురుగు చస్తుంది. కన్నడ దేశంలో దీన్నే హగేవు అంటారు.

పాతర గడ్డి అంటే సైలేజీ, గాలి తగలకుండా తొక్కి పులియబెట్టి దాచిన పచ్చి మేత. ఇది చాలా చక్కగా కుదిరిన మాటని నా అభిప్రాయం. స్పానిష్‌లో సైలో అన్నా ధాన్యం దాచే నేలగొయ్యే! ఫ్రాన్సులో గొఫార్ అనే ఆయన పచ్చి మొక్కజొన్నను పాతరేసే పద్ధతి మీద 1877లో పుస్తకం రాశాడు. అమెరికాలో గొయ్యి కాస్తా బురుజులా పైకి లేచింది. ఇల్లినాయి రాష్ట్రంలో ఫ్రెడ్ హాచ్ అనే ఆయన 1873లో కట్టినదే అక్కడ మొదటి నిలువు సైలో అంటారు. మొదట్లో నలుచదరంగా కట్టేవారు. మూలల్లో తొక్కుడు సరిగా పడక, గాలి మిగిలి మేత కుళ్లేది. అందుకే గుండ్రంగా మార్చారు.

1900 తర్వాత అక్కడి వ్యవసాయ శాఖ రైతులకిచ్చిన సలహాలు చదివితే మన పాతర ముచ్చట్లే అనిపిస్తుంది. గింజ గట్టిపడే వేళ కోయండి, సన్నగా నరకండి, గోడ వారన ఇంకా గట్టిగా తొక్కండి, తెరిచాక రోజూ పైనుంచి ఒకటిన్నర రెండు అంగుళాలు తీయకపోతే చెడిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైంది, సగం నిండిన సైలోలోకి పొద్దున్నే దిగేముందు లాంతరు దించి చూడండి, ఆరిపోతే దిగొద్దు. మనవాళ్లూ పాతర తెరిచి, గాలి ఆడనిచ్చి, దీపం దించి చూశాకే మనిషిని దింపేవారు. అలా చూసుకోక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

• అయితే పేపరువాళ్లది తప్పంటారా?

• తప్పనలేం. పాతర ఎరగని తరానికి మిగిలింది పూడ్చడమే. నాకైతే ఆ శీర్షిక చూసినప్పుడల్లా నిబంధనల్ని వచ్చే కరువుకు దాచిపెట్టారేమో అనిపిస్తుంది.

• మా వైపు 'మాగుడు గడ్డి' అని కూడా విన్నాను. పండు మాగేసినట్టు.

• అదీ ఉందండీ. వాసన చూస్తే ఆ పేరే నచ్చుతుంది. బాగా కుదిరితే పుల్లగా, కమ్మగా ఉంటుంది. కుదరకపోతే కుళ్లు కంపు, గేదె మూతి కూడా పెట్టదు.

• ఇప్పుడు ప్లాస్టిక్ చుట్టి మూటలుగా అమ్ముతున్నారుగా, గొయ్యే లేదు. అదీ పాతర గడ్డేనా?

• మా ఊళ్లో మూటల్లో వచ్చేది సైలేజీ, గుంటలో వేసుకున్నది పాతర గడ్డి. మీ వైపు ఏమంటున్నారు?