పక్కింట్లోకి "దిగారు" అంటాం కదా, ఎక్కడి నుంచి దిగారు?

మాది గుంటూరులో పాతకాలపు డాబా. రెండు వాటాలు, మధ్యలో ఒకటే గోడ, అటువైపు కుక్కర్ కూత వేస్తే ఇటువైపు మా ఆవిడ లెక్కపెట్టేస్తుంది. ఆ పక్క వాటా దసరా నుంచి ఖాళీగానే ఉంది. టులెట్ బోర్డు చూసి ఫోన్లు చేసేవాళ్ళు చేస్తున్నారు గానీ, నెలగంట పెట్టి ధనుర్మాసం మొదలయ్యాక మేమే "ఇంక సంక్రాంతి వెళ్ళేదాకా ఎవరూ రార్లే" అని ఆశ వదిలేసుకున్నాం. అలాంటిది మొన్న రాత్రి పదిన్నరకి, మంచు దిగి వీధి దీపం కూడా మసకగా కనిపిస్తున్న వేళ, ఒక మినీ లారీ వచ్చి ఆగింది. బీరువా, మంచాలు, కట్టేసిన పరుపులు, పిల్లల సైకిలు. మఫ్లర్ చుట్టుకున్న ఒకాయన, శాలువా కప్పుకున్న ఒకావిడ. మొహాలు మాత్రం కనపడలేదు. బయటికెళ్ళి పలకరిద్దామంటే ఆ చలికి బద్ధకం, తలుపు సందులోంచి చూడటానికేమో సిగ్గు (చూశాం, అది వేరే విషయం).

పొద్దున్నే మా అమ్మ "పక్కింట్లోకి ఎవరో దిగార్రా" అంది. వెంటనే "ధనుర్మాసంలో ఎవరు దిగుతారు? అంత తొందరేం వచ్చిందో" అని కూడా అంది. బదిలీలైనా పిల్లల బడి మార్పులైనా ఎండాకాలం వ్యవహారాలు, డిసెంబరు నడిమధ్యలో ఇల్లు మారేవాళ్ళంటే ఎవరికైనా ఆరా తీయాలనిపిస్తుంది. ఆవిడ ఆరా ఆవిడది. నాకు మాత్రం ఆ "దిగారు" దగ్గర ఆగిపోయింది. ఇంట్లోకి వెళ్ళాలంటే మూడు మెట్లు ఎక్కాలి, మరి దిగడం ఏమిటి? ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఇరుగుపొరుగు అంటాం, అందులో ఇరుగు ఎటుపక్క, పొరుగు ఎటుపక్క?

జవాబు:
బండి దిగారండీ, అంతే. ఊరికి ఎవరొచ్చినా "ఎప్పుడు దిగావు?" అనే కదా అడుగుతాం, బస్సులో వచ్చినా నడిచొచ్చినా. పెళ్ళివారు విడిదింట్లో దిగుతారు, యాత్రకెళ్ళి సత్రంలో దిగుతాం, పని మీద వెళ్ళి హోటల్లో దిగుతాం. వీటన్నిట్లో ఉన్నది ఒకటే: కొన్నాళ్ళుండి మళ్ళీ బండెక్కుతారు. అద్దె ఇల్లూ అలాంటిదే కాబట్టి "అద్దెకు దిగారు". సొంతిల్లు కట్టుకున్నవాణ్ణి "సొంతింట్లో దిగాడు" అని ఎవరూ అనరు చూడండి, గృహప్రవేశం చేశాడు అంటారు, లేదా ఇంట్లో చేరాడు అంటారు.

జవాబు:
పై జవాబు బాగుంది గానీ ఒక చిన్న సవరణ. దిగడం ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న మాటలు కూడా చూడాలి. చెప్పాపెట్టకుండా వచ్చి వారం ఉండేవాళ్ళు "దిగబడతారు". ఇంకొంచెం కోపం వస్తే "ఊడిపడ్డారు". వెళ్ళే సూచన కనపడకపోతే "తిష్ట వేశారు". మంచిగా చెప్పాలంటే "మకాం పెట్టారు", కొత్త జంటయితే "కాపురం పెట్టారు". వచ్చినవాళ్ళు చేసే పని ఒకటే, చూసేవాళ్ళ మనసును బట్టి మాట మారుతుంది. మీ అమ్మగారు ఉత్త "దిగారు" అన్నారంటే ఇంకా ఏ అభిప్రాయానికీ రాలేదన్నమాట.

జవాబు:
మాది అనంతపురం. మా వైపు అద్దె అనేదే తక్కువ, "బాడుగ ఇంట్లోకి వచ్చినారు" అంటాం. కన్నడంలోనూ బాడిగె కదా, సరిహద్దు పక్కనే ఉన్నాం మరి. గుంటూరు వచ్చిన కొత్తలో "ఇంటికి బాడుగ ఎంత?" అని అడిగితే ఆ ఓనరు నవ్వి "బాడుగకి ఇచ్చేది ఆటో అండీ, ఇల్లు అద్దెకిస్తాం" అన్నాడు. ఇప్పటికీ గుర్తుంది నాకు ఆ నవ్వు.

జవాబు:
కరీంనగర్ నుంచి. మా దగ్గర కిరాయి. "పక్కింట్ల కిరాయికి దిగిండ్రు" అనేది మేమూ అంటాం, కాబట్టి దిగడంలో తేడా లేదన్నా. కానీ సొంతిల్లయితే మా పెద్దవాళ్ళు గృహప్రవేశం అనరు, "ఇల్లు సొచ్చుడు" అంటారు. చొచ్చు అంటే లోపలికి పోవుడు, పుస్తకాల్లో కనపడే పాత మాటే, మా ఇండ్లల్లో ఇంకా బతికుంది. అదే మాటకు దగ్గరి చుట్టం "చొరబాటు" పేపర్లో సరిహద్దు వార్తల్లోకి పోయింది. ఒకటి పండుగ, ఒకటి నేరం. కిరాయోడు దిగుతాడు, ఇంటోడు సొస్తాడు, ఇంత సాఫ్‌గా ఉన్న తేడాను వదిలిపెట్టి అందరం కార్డుల మీద గృహప్రవేశం అని కొట్టిస్తున్నం, అది నాకు నచ్చదు.

జవాబు:
చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మీ మాటలు చదువుతుంటే ఒకటి తట్టింది. తమిళంలో కొత్త చోట కాపురముండటాన్ని "కుడియేరు" అంటారు, ఏరు అంటే ఎక్కు. మనం దిగుతాం, వాళ్ళు ఎక్కుతారు, సామాను మోసేవాడికి మాత్రం రెండూ ఒకటే.

జవాబు:
రెండో ప్రశ్నను అందరూ వదిలేశారు. ఇరు అంటే రెండు కదా, రెండు పక్కలా ఉండేవాళ్ళు ఇరుగు. సింపుల్.

జవాబు:
ఇరు అంటే రెండయితే పొరు అంటే ఎంతండీ?

మాట విడగొట్టే ముందు వాడుక చూద్దాం. పొరుగు ఒక్కటే ధైర్యంగా తిరుగుతుంది: పొరుగూరు, పొరుగు రాష్ట్రం, పొరుగుదేశం, పొరుగింటి పుల్లకూర. గురజాడ "సొంత లాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్" అన్నాడు. తెలుగు బైబిల్లో "నిన్ను వలె నీ పొరుగువాని" ప్రేమించమని ఉంది. రెండు చోట్లా ఇరుగువాడి ఊసే లేదు, పాపం. ఇరుగూరు అనీ, ఇరుగుదేశం అనీ మనం అనం. సాయం లేకుండా బయటికి రాని మాటలు భాషలో కొన్ని ఉంటాయి, ఇది వాటిలో ఒకటి. అన్నట్టు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులను పత్రికలు "పొరుగు సేవల ఉద్యోగులు" అని రాస్తాయి. పక్కసీట్లో కూర్చుని పదేళ్ళు పనిచేసినవాణ్ణి కూడా పొరుగు అనే అంటారు. అంటే పొరుగులో దగ్గరితనమే కాదు, "మనవాడు కాదు" అన్న గీత కూడా ఉంది.

జవాబు:
చర్చ బాగుంది గానీ వాళ్ళెవరో తెలిసిందా లేదా? ధనుర్మాసంలో పాలు ఎలా పొంగించారు? మా ఇంట్లో ఈ పోస్టు చదివి వినిపించినప్పటి నుంచి మా అత్తగారు అదే అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

పోస్ట్ పెట్టినవారు:
ఆలస్యానికి క్షమించండి, పండగ హడావుడి. తెలిసింది. మర్నాడు మా ఆవిడ వాకిట్లో ముగ్గేస్తుంటే పక్కావిడ కూడా ముగ్గు గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. ఇద్దరివీ మెలికల ముగ్గులే, అక్కడే పరిచయమైపోయింది. పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దు కూడా ఉండదంటారు గానీ వీళ్ళిద్దరి మాటలకి మాత్రం పొద్దు సరిపోయింది.

మా అమ్మ ఊరుకుంటుందా, రెండో రోజే అడిగేసింది. "అదేంటమ్మా, నెలగంట పెట్టాక దిగారు?" అని. ఆవిడ కంగారు పడిపోయి "అయ్యో, మేం మార్గశిరం మొదట్లోనే దిగాం పిన్నిగారూ, సామాను ఇప్పుడొచ్చింది" అంది. విషయం ఏమిటంటే, వాళ్ళుండే ఇంటి ఓనరు కొడుకు తిరిగొస్తున్నాడని ఖాళీ చేయమన్నాడట. నెలగంట పెట్టాకే మారాల్సి వస్తుందని ముందే తెలిసి, మంచిరోజు చూసుకుని ఒకరోజు తెల్లవారుజామున వచ్చి, దేవుడి పటం పెట్టి, పాలు పొంగించి, తాళం వేసి వెళ్ళిపోయారు. ఆ రోజు ఐదింటికి వంటగది కిటికీలో దీపం వెలగడం నేను చూశాను కూడా, ఓనరు గారు లైటు ఆర్పడం మర్చిపోయారనుకున్నా!

కాబట్టి మొదటి జవాబు ఇచ్చినాయనకి ఒక మాట. బండి దిగడం చూసి దిగారంటున్నది మనం, పక్కింటివాళ్ళం. వాళ్ళ లెక్కలో దిగడమంటే పాలు పొంగడం. లారీ వచ్చిన రాత్రి దిగింది మంచాలూ బీరువానే.

ఇరుగు సంగతి కూడా తేలింది. భోగి సాయంత్రం వాళ్ళ మూడేళ్ళ పాపకి భోగిపళ్ళు పోస్తూ మమ్మల్ని పిలిచారు. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిరేకులు, చిల్లర డబ్బులు అన్నీ కలిపి మా అమ్మ చేత్తోనే పోయించారు, వయసులో పెద్దావిడని. తర్వాత మా అమ్మ అలవాటు ప్రకారం ఉప్పు పిడికిట్లో పట్టి "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, నీ దిష్టి" అని మొదలుపెట్టింది. పాప నాయనమ్మ పక్కనే కూర్చుని నవ్వుతూ "వదినగారూ, పొరుగంటే మీరే కదా, మీ దిష్టి మీరే తీస్తున్నారా?" అంది. మా అమ్మ చెయ్యి ఆపకుండానే "అవును, పొరుగు నేనే. ఇరుగు అదుగో, మీ అటుపక్క ఖాళీ స్థలం, ఇంకా ఎవరూ దిగలేదు" అంది.