మొదటిసారి మీడ్ పెట్టేవాళ్ళకి హైడ్రోమీటర్ తప్పనిసరా?

కొత్తజాడీ: అందరికీ నమస్కారం. ఉండేది న్యూజెర్సీ. ఒక గ్యాలన్ జాడీలో మీడ్, అంటే తేనె వైన్, పెడదామనుకుంటున్నాను. 3 పౌండ్ల తేనె, మిగతా నీళ్ళు, 71బి అనే రకం వైన్ ఈస్ట్. షాపువాళ్ళు హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ అది ఎంత చిక్కగా ఉందో చూపించే గాజు పుల్ల) కూడా తీసుకోమన్నారు. మొదటిసారికే అది కావాలా?

తేనెపట్టు: అక్కర్లేదు తమ్ముడూ. ఆరేళ్ళుగా చేస్తున్నాను. మా అమ్మ అరిసెల పాకం పట్టేటప్పుడు నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి, ఉండ కట్టిందో లేదో చూసి దించేది. ఇదీ అంతే. ఎయిర్‌లాక్‌లో, అంటే లోపలి గ్యాస్‌ని వదిలి బయటి గాలిని రానివ్వని మూతలో, బుడగలు ఆగాలి, జాడీ తేటపడాలి, నాలుక మీద తీపి తగ్గాలి. ముందు ఒక జాడీ చేసి రుచి చూడు, సామాను తర్వాత కొనుక్కోవచ్చు.

లెక్కలపుస్తకం: తేనెపట్టు గారూ, కొత్తవాళ్ళకి ఈ సలహా ఇవ్వకండి. బుడగలు ఆగినంత మాత్రాన పులియడం అయిపోయినట్టు కాదు. రబ్బరు బిరడా పక్క నుంచి గాలి పోతున్నా బుడగలు కనబడవు. గది చల్లబడితే ఈస్ట్ పడుకుంటుంది. పని అయిపోయిన జాడీ కూడా గది వేడెక్కితే లోపలి గ్యాస్ వదిలి బుడగలు వేస్తుంది.

హైడ్రోమీటర్‌లో నీళ్ళు 1.000 చూపిస్తాయి. చక్కెర కలిస్తే అంకె పెరుగుతుంది, అది ఆల్కహాల్‌గా మారేకొద్దీ తగ్గుతుంది. కొత్తజాడీ గారు చెప్పిన తేనెకి మొదట 1.105 దగ్గర రావాలి. చివరికి 1.000కి దిగితే, తేడా 0.105ని 131.25తో గుణించండి, సుమారు 13.8 శాతం ఆల్కహాల్. అదే 1.030 దగ్గర ఆగిపోతే? జాడీ తేటగానే ఉంటుంది, లోపల చక్కెర మిగిలే ఉంటుంది. సీసాల్లో పోసి బిగించాక ఈస్ట్ మళ్ళీ లేస్తే సీసా పేలుతుంది.

గోదారిగాలి: రిఫ్రాక్టోమీటర్ కొనుక్కోండి, వెలుగు ఎంత వంగిందో చూసి చక్కెర చెబుతుంది, రెండు చుక్కలు చాలు.

లెక్కలపుస్తకం: పులియక ముందు అయితే సరే. ఆల్కహాల్ చేరాక అది నేరుగా చూపించే అంకె తప్పు.

తేనెపట్టు: 1.105 అని అంత ధీమాగా చెబుతున్నారు. తేనె అడుగున పేరుకుంటే పైన తీసిన శాంపిల్‌లో ఆ అంకె వస్తుందా? గ్యాస్ బుడగలు గాజుకి అంటుకుంటే అది పైకి తేలుతుంది. పైగా గ్యాలన్ జాడీలో ప్రతిసారీ అరగ్లాసు శాంపిల్ అంటే చివరికి ఏం మిగులుతుంది?

లెక్కలపుస్తకం: బాగా కలిపి తీయాలి. శాంపిల్ పోసిన గొట్టంలో వేశాక హైడ్రోమీటర్‌ని ఒకసారి గిర్రున తిప్పితే బుడగలు రాలిపోతాయి. మొదట ఒకసారి, చివర్లో రెండు వారాల తేడాతో రెండుసార్లు చూస్తే చాలు. వాడడం రానివాళ్ళ తప్పుని పనిముట్టు మీద వేయకండి.

తేనెపట్టు: వాడడం రాదా? మా నాన్న పాలకేంద్రానికి పాలు పోసేవాడు. అక్కడ ముంచే లాక్టోమీటర్‌ది కూడా ఇదే సూత్రం. అప్పుడే పిండిన గోరువెచ్చటి పాలల్లో ముంచి, రీడింగ్ తక్కువొచ్చింది, నీళ్ళు కలిపావని డబ్బు కోసేవాళ్ళు. వేడి పాలు పలచగా చూపిస్తాయని మాకు చెప్పినవాళ్ళు లేరు. పదిమందిలో ఆయన్ని దొంగని చేసింది ఆ గాజుపుల్లే. వాడడం రాదని నాతో అనకండి.

హైదరాబాద్_పాఠకుడు: మధ్యలో వస్తున్నాను. ఇక్కడ ఇంట్లో చేసుకోవచ్చా?

గోదారిగాలి: వద్దండీ. అక్కడ లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసు. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు.

లెక్కలపుస్తకం: తేనెపట్టు గారూ, మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. నా సంగతి కూడా వినండి. నా రెండో జాడీ బుడగలు ఆగాయని సీసాలకెత్తాను. నాలుగు సీసాలు క్లోజెట్‌లో పెట్టాను, రెండు స్నేహితుడికి ఇచ్చాను. జూన్‌లో మా క్లోజెట్‌లో ఒకటి పేలింది. గాజుముక్క తలుపు చెక్కలో దిగబడింది. మా పాప బూట్లు ఉండేది ఆ తలుపు పక్కనే. వెంటనే స్నేహితుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ రెండు గంటలు నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదని చెబుతున్నాను.

తేనెపట్టు: ఇది ముందే చెప్పాల్సింది. నేను బిగుతు మూతల సీసాల్లో ఎప్పుడూ పోయలేదు. ఎయిర్‌లాక్ కిందే ఉంచి, కావాల్సినంత వంచుకుని తాగుతాను. ఎవరికీ ఇవ్వను. నేను చెప్పింది అలా తాగేవాళ్ళ సంగతి.

లెక్కలపుస్తకం: కొత్తగా చేసినవాళ్ళు మొదటి సీసా ఎవరికో ఒకరికి ఇస్తారండీ. ఇవ్వకుండా ఉండలేరు.

తేనెపట్టు: సీసాకెత్తేవాళ్ళు కొలవాలి, ఒప్పుకుంటాను. మొదటిరోజే అంకెలతో బెదరగొట్టడం మాత్రం ఒప్పుకోను. ఇక్కడ ప్రశ్న అడిగి జాడీ పెట్టకుండానే వెళ్ళిపోయినవాళ్ళని చాలామందిని చూశాను.

కొత్తజాడీ: హైడ్రోమీటర్ కొన్నాను. ఇప్పుడే కలిపాను, 1.100 చూపిస్తోంది. 1.105 రావాలన్నారు కదా, తేనె ఇంకొంచెం పోయనా?

తేనెపట్టు: పోయకు. తేనె కరగాలని వేడినీళ్ళు వాడావా? గొట్టంలో ఉన్నది ఎంత వేడి మీద ఉంది?

కొత్తజాడీ: 90 ఫారెన్‌హీట్ ఉందన్నా.

తేనెపట్టు: నీ హైడ్రోమీటర్ మీద 60 అనో 68 అనో రాసి ఉంటుంది చూడు. ఆ వేడికి దిగేదాకా ఆగి మళ్ళీ ముంచు. ఈస్ట్ కూడా చల్లారాకే వెయ్యి.