దీవుల్ల గెలిచిన కంచె మన పల్లి చేన్లల్ల గెలుస్తదా?

పాలమూరు చెల్క: హవాయి అగ్నిపర్వతాల జాతీయ పార్కుల అడవిని భాగాలు చేసి, ఒక్కోదానికి జాలి కంచె కట్టి అడవి పందుల్ని ఆపిన్రు. అచ్చంపేట దిక్కు పల్లి, మక్క చేన్లకు సర్కారు గట్లనే కట్టియ్యాలె. చేన్లల్ల పడే పందుల్ని కాల్చుడెందుకు?

అమ్రాబాద్ అంచు: సగమే చెప్పినవన్నా. కంచె బిగించినంక లోపల చిక్కిన పందుల్ని కుక్కలతోటి, ఉచ్చులతోటి, తుపాకులతోటి ఏరేసిన్రు. ఆడి పందులు మనుషులు పడవల్ల తెచ్చినయి. ఫెర్న్ చెట్ల మానులు చీల్చి లోపలి పిండి తింటయి, ఆ తొర్రల్ల వాననీళ్లు నిలిచి దోమలు పుడతయి, దోమలతోటి అడవి పిట్టలకు మలేరియా. మన నల్లమల పంది ఈడిదే, పెద్దపులికి తిండి.

దేవరకొండ రైతు: పులి తిండైతే పులి కాడనే ఉండాలె గద! మంద దిగితే తెల్లారేసరికి ఊరిన కాయ సాళ్లకు సాళ్లే లేస్తది. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద పంట నష్టానికి అనుమతి తీసుకొని కాల్చొచ్చు.

అమ్రాబాద్ అంచు: కాల్చొచ్చు, ఆగుతయా? ఈతకు నాలుగారు పిల్లలు, తిండి దొరికితే మంద మళ్ల నిండుతది. ఇండోనేషియా సులవేసి దీవిల బాబిరూసా అనే పందికి ఈతకు ఒకటో రెండో, అది వేటకు తట్టుకోదు. పందులన్నిటికి ఒక్క లెక్క పనికిరాదు.

సోలార్ మిస్త్రీ: జాలి కింద పంది మన్ను తవ్వుతది. సోలార్ తీగ నయం, కని అడుగు తీగ నేలకు 20 సెంటీమీటర్లే ఉండాలె, రెండోది 40, మూడోది 70. షాక్ ముట్టెకు తగలాలె. తీగ ఎత్తైతే కిందికెళ్లి దూరుతది, వీపు బొచ్చుకు షాక్ తెల్వదు. చెల్కల అసలు తిప్పలు ఎర్తింగ్‌తోటి. ఎండకాలం నేల ఎండితే బ్యాటరీ ఫుల్లున్నా దెబ్బ పడదు. మీటరుకు పైన పొడుగున్న రాడ్లు కనీసం మూడు నేలల దింపి, మొదట్ల నీళ్లు పోయాలె. తీగకు గడ్డి తగిలినా వోల్టేజి పడిపోతది. తీగకు షాక్ ఇచ్చే యంత్రం సెకనుకొకసారి లిప్తపాటు కొడతది గనక మనిషి బతుకుతడు. స్తంభం కెళ్లి డైరెక్టు తీగ మాత్రం గుంజకుండ్రి, పంది కన్నా ముందు పక్క చేనోడు సస్తడు.

దేవరకొండ రైతు: రెండెకరాలోనికి యంత్రం గిట్టదు.

సోలార్ మిస్త్రీ: నలుగురు కలిసి ఒక్కటే చుట్టు ఏసుకోండ్రి. గడ్డి ఎవరు కోయాలన్నది ముందే మాట్లాడుకోండ్రి, కంచెలు ఆడనే ఖరాబైతయి.

పాలమూరు చెల్క: యాసంగి పల్లికైతే చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ పెట్టొచ్చు, దాని ముళ్లు పందుల్ని ఆపుతయి. కాయ ఊరక ముందే ముళ్లు గట్టిపడాలె, ఆలస్యంగ విత్తితే దండుగ. వానకాలం మక్క చేను చుట్టూ ఆముదం చెట్లు పెడతరు.