నందన నామ సంవత్సరం: 1832లోదా, 1892లోదా?

ప్రశ్న (గుంటూరు నుంచి): సభ్యులకు నమస్కారం. మా తాతగారి పెట్టెలోని పాత కాగితం మీద నందన నామ సంవత్సరం, తిథి, వారంతో సహా వెంకటసుబ్బయ్య అనే పూర్వికుని జననం రాసి ఉంది. 1860 ప్రాంతపు ఇనాం రిజిస్టరు (పన్ను మాఫీతోనో, తగ్గింపుతోనో ఇచ్చిన మాన్యం భూముల పట్టిక) నకలులో అదే పేరు గల వ్యక్తి భూమి అనుభవిస్తున్నట్టు ఉంది గానీ, తండ్రి పేరు కలవడం లేదు. దేనిని నమ్మాలి?

జవాబు (విజయవాడ నుంచి): దేనినీ అప్పుడే కొట్టివేయకండమ్మా. నందన 1832లోనూ, మళ్లీ 1892లోనూ వచ్చింది. తాత పేరు మనుమడికి పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ, ఇద్దరి మధ్య యాభై అరవై ఏళ్ల ఎడం ఉండడమూ మామూలే కనుక, ఒకే పేరు, ఒకే సంవత్సరం గల ఇద్దరు వంశవృక్షంలో ఒక్కరైపోతుంటారు. 1860 నాటికి భూమి అనుభవిస్తున్నవారు 1892లో పుట్టి ఉండరు కదా. రిజిస్టరులోని ఆయన తాత, కాగితంలోని బిడ్డ మనుమడు కావచ్చు. కాగితంలో శాలివాహన శకం ఉందేమో చూడండి: 1754 అయితే 1832, 1814 అయితే 1892.

అడిగినవారు: శకం ఉన్నచోట కాగితం చిరిగిపోయిందండీ. వారం మాత్రం స్పష్టంగా ఉంది.

జవాబు: వారమే చాలా మేలు. ఆ తిథి రెండు సంవత్సరాలలోనూ ఏ వారం నాడు పడిందో పంచాంగం తెలిసిన వారిచేత గణితం చేయించండి. సాధారణంగా ఒక్కదానికే పొసగుతుంది. 1832 అని తేలితే మాత్రం తండ్రి పేరు తేడాకు దత్తత కారణమేమో విచారించాలి. పైగా ఆ ఏడు మొదలైన డొక్కల కరువులో గుంటూరు సీమ ఊళ్లు ఎన్నో పాడుపడ్డాయి కాబట్టి, మీవారు అంతకు ముందు వేరే ఊళ్లో ఉండి ఉండవచ్చు.

మరొక సభ్యుడు (గుంటూరు): ఒక్క మాట చేర్చనివ్వండి. గుంటూరు జిల్లా 1859లో రద్దయి, 1904లో మళ్లీ ఏర్పడింది. ఆ నడిమి కాలపు కాగితాలను కృష్ణా జిల్లా పేరిట కూడా వెతకాలి. వాటిలో పసలీ (భూమిశిస్తు లెక్కల సంవత్సరం) కనబడితే, ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలపండి; అది జులైలో మొదలవుతుంది కనుక, పసలీ 1302 అంటే 1892 జులై నుంచి 1893 జూన్ వరకు. ఇక మీ రిజిస్టరుకు మూలమైన ఇనాం విచారణ భూమి హక్కు తేల్చడానికి జరిగినది. అందులోని వయసు ఉజ్జాయింపు అనుకోవడమే క్షేమం. సర్వే నంబరు, సరిహద్దులు మాత్రం తరువాతి దస్తావేజులతో పోల్చుకోవడానికి బాగా పనికివస్తాయి.